తీజ్ బుట్టలో పట్నం పెంట

ముందు ఆ వాసన సంగతి చెప్పాలి. నాగిరెడ్డిపేట నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో జనం, తండా మలుపు రాగానే కొంగులూ రుమాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకుంటారు. కిటికీలు మూస్తారు. మలుపు దాటగానే తెరుస్తారు. తండా వాళ్లు మాత్రం ఆ కంపులోనే వండుకుని, ఆ కంపులోనే తిని, ఆ కంపులోనే పిల్లల్ని పడుకోబెట్టుకుంటున్నారు.

కూలినాలి అన్నలారా, కాలేజీ పిల్లలారా, నేను వ్యవసాయ కూలీల సంఘం మనిషిని. ఒక పొద్దున సంఘం పని మీద ఆ తండాకు పోయి కళ్లారా చూసింది చెబుతున్నాను.

శ్రావణమాసం. తండాలో తీజ్ పండుగ నడుస్తోంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టీ ఎరువూ కలిపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు ఉప్పూ కారం ముట్టకుండా నీళ్లు పోసి పెంచుతారు. మొలకలు పచ్చగా లేస్తే తండా చల్లగా ఉంటుందని వాళ్ల నమ్మకం. అది ఆరో రోజు. మొలకలన్నీ నల్లబడి కుళ్లిపోయాయి. బుట్టల అడుగు నుంచి జిగటగా ఏదో కారుతోంది. తండా అంతా ఒక్క పిల్లను నిలబెట్టి తిడుతోంది. పిల్ల పేరు గంగ. ఎల్లారెడ్డిలో ఇంటర్ చదువుతోంది.

"కాలేజీకని పోయి మిర్చి బజ్జీలు మెక్కొచ్చినవ్! నీ నోటికి నియ్యతి లేదు!" అని ఒక ముసలామె మీదిమీదికి వస్తోంది.

"ఒట్టు అవ్వా, నేనేం తినలే" అంటూ గంగ వెక్కుతోంది.

తండా పెద్ద గోప్యా నాయక్ కర్ర నేలకు తాటించాడు. "తీజ్ చెడగొట్టినవ్. గిట్లాంటి పిల్లకు తండాల జాగ లేదు. రేపు పొద్దుగాల మీ మేనమామ తండాకు పో."

చదువు, ఇల్లు, తల్లి, అన్నీ ఒక్క మాటతో పోయాయి. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే గంగ తల్లి మేఘి జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. మేఘి ఆరేళ్లు హైదరాబాదులో చెత్తగుట్టల మీద ప్లాస్టిక్ ఏరింది. దగ్గు పట్టుకుని తిరిగొచ్చింది. బుట్టలో చెయ్యి పెట్టి, మట్టి తీసి వాసన చూసి, మళ్లీ లోపలికంటా కెలికింది. ఒక ఇంజెక్షన్ సూది వచ్చింది. డైపర్ పేలిక వచ్చింది. పగిలి కారుతున్న బ్యాటరీ వచ్చింది.

"ఏంది బాపూ ఇది? ఇది ఎరువా?" బ్యాటరీని గోప్యా కాళ్ల ముందు పడేసింది.

గోప్యా మొహం పాలిపోయింది. ఏటేటా బుట్టల్లో పుట్టమన్నూ మేకల ఎరువూ పోసేవాళ్లు. ఈసారి పట్నం చెత్త మోయించే కాంట్రాక్టర్ తిరుపతి వచ్చి, "పట్నం ఎరువు, పైస వద్దు, జాగ చూపియ్యుండ్రి చాలు" అన్నాడు. గోప్యా మురిసిపోయి, తండా పక్కన మొరం తవ్వి వదిలేసిన గుంత చూపించాడు. అంత మంచి ఎరువు ముందు దేవునికే చెందాలని, తన చేతులతోనే తీజ్ బుట్టల్లో మొదటి దోసిలి పోశాడు. ఎంత అమాయకత్వం!

"నేను ఆరేండ్లు ఈ కంపుల బతికిన" అంది మేఘి. "పెండ్లిల్లల్ల సగం తిని సగం పారేస్తరు. మనిషి లేని రూముల గూడ ఏసీలు నడుస్తయి. ఏడాదికో ఫోను, పూటకో డబ్బ. మంజీర నీళ్లు గుంజుకపోయి తాగుతరు, మనకు ఇది పంపుతరు. గా పారేసినోన్ని ఎవ్వరు అడగరు. నా బిడ్డ బజ్జి తిన్నదా అని పంచాయతి వెడతరా? థూ!"

అప్పుడే గుంతకు పోతున్న టిప్పర్‌ను పిల్లలు ఆపారు. డ్రైవర్ హుస్సేన్‌ది ఎల్లారెడ్డే. కిందికి దిగి తల వంచుకుని నిలబడ్డాడు.

"ఏమున్నది భాయ్ లోపల?" అని అడిగాను.

"పైన ఇంత ఎరువు, కింద మొత్తం కచరా. దవాఖాన్ల మాల్ గూడ ఉంటది." చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. "నాకు ఎరుకే అన్నా. నౌకరి పోతదని నోరు మూసుకున్న."

"కొట్టుండ్రి వీన్ని!" అని నలుగురు లేచారు.

మేఘి అడ్డం నిలబడింది. "గీయనను కొడితే తిరుపతికేం నొస్తది? ఇంకో డ్రైవర్‌ను పెడతడు. ఆగుండ్రి."

కొట్టాలని కొందరు, కలెక్టర్ దగ్గరికి పోవాలని కొందరు, ఎరువు మళ్లీ రాదేమోనని ఇద్దరు రైతులు, చాలాసేపు వాదించుకున్నారు. చివరికి గోప్యా తలపాగా తీసి గంగ ముందు పెట్టాడు.

"దోసిలి నాది బిడ్డా. తప్పు నీ మీద ఏసిన. నువ్వు యాడికి పోవద్దు. తొమ్మిదో నాడు మొలకలు వాగుల కలపాలె. ఈ విషం ఏ మొకం పెట్టుకొని కలుపుతం?"

గంగ కళ్లు తుడుచుకుంది. "వాగుల వద్దు బాపూ. రోడ్డు మీదికి తీస్కపోదం."

తొమ్మిదో రోజు పొద్దున రోడ్డు మీద నాలుగు వందల మంది కూర్చున్నారు. తండా ఆడవాళ్లు, నాట్లు ఆపి వచ్చిన కూలీలు, ఎల్లారెడ్డి కాలేజీ పిల్లలు. ముందు వరసలో కుళ్లిన బుట్టలు. హుస్సేన్ తన టిప్పర్‌ను రోడ్డుకు అడ్డంగా పెట్టి, తాళంచెవి తెచ్చి గోప్యా చేతిలో పెట్టాడు. వెనక పదకొండు టిప్పర్లు ఆగిపోయాయి.

తిరుపతి పోలీసులతో దిగాడు. తెల్ల చొక్కా, ముక్కుకు రుమాలు. "ఏం గోప్యా, మంచికి పోతే గిట్లనా? అది ఎరువని చెప్పిన గద."

గంగ బుట్టలోంచి పిడికెడు నల్లటి మొలకలు పీకి లేచింది. తీజ్ చివరిరోజు ఆడపిల్లలు అన్నదమ్ముల తలపాగాల్లో మొలకలు పెట్టడం ఆనవాయితీ. నేరుగా తిరుపతి దగ్గరికి పోయింది.

"మీకు తలపాగ లేదు గద సార్" అని ఆ పిడికెడూ అతని చొక్కా జేబులో కుక్కింది.

జిగట పొట్ట మీదికి కారింది. "థూ, థూ! ఏం కంపే ఇది!" తిరుపతి ఎగిరి గంతేసి, రోడ్డు పక్కకు పరుగెత్తి కక్కుకున్నాడు.

"మీ ఎరువే సార్!" ఎవరో అరిచారు. నాలుగు వందల మంది నవ్వారు. ఆ నవ్వుకే ఎస్సైకి కోపమొచ్చింది. లాఠీలు లేచాయి. గోప్యా తల పగిలింది. గోప్యానూ మేఘినీ హుస్సేన్‌నూ నన్నూ వ్యానులోకి తోశారు. వెనక అద్దంలోంచి చూశాను. గంగా, మిగతా ఆడపిల్లలూ మళ్లీ రోడ్డు మీదే కూర్చున్నారు. ఒక్క టిప్పరూ కదల్లేదు.

రెండు కిలోమీటర్లు పోయామో లేదో వ్యాను ఆగింది. పక్క తండా ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. వాళ్ల గుంతలో కూడా తిరుపతి అదే ఎరువు పోయించాడట. గంగ అతని జేబులో మొలకలు కుక్కిన సంగతి ఫోన్లలో అప్పటికే వాళ్లకు చేరిందట. నెత్తిమీద బుట్టలు, బుట్టల్లో నల్లటి మొలకలు.

"నాయక్, వీళ్లను పక్కకు జరగమని చెప్పు" అన్నాడు ఎస్సై.

గోప్యా నెత్తురు కారుతున్న తలను మేఘి కొంగుతో అదిమి పట్టుకుని, కిటికీ బయటికి చూసి నవ్వాడు. "నా మాట నా తండాల్నే చెల్లది సార్. మీరే అడుగుండ్రి."

ఎస్సై దిగాడు. ముందున్న ముసలామె బుట్ట దించకుండానే అడిగింది.

"తిరుపతి సార్ యాడున్నడు? జేబు ఇంకోటి ఉంటది గద?"