ఉల్లిపాయ బరువు

"ఆ వైర్ల చెత్తంతా తీసెయ్ అమ్మాయ్, కంచాలు ఎక్కడ పెట్టమంటావు?" అంది అత్తగారు.

"ఇదిగో, అయిపోయింది అత్తయ్యా" అంది ఆమె. అయిపోతే కదా! బల్లకి ఒక పక్క సగం తరిగిన ఉల్లిపాయలు, ఇంకో పక్క కొట్లో వాడే తూకం యంత్రం, దాన్ని ఆనుకుని అగ్గిపెట్టెంత సర్క్యూట్ బోర్డు. యంత్రం మీద పెట్టిన బరువు వైరు వెంట బోర్డుకి చేరి, కంప్యూటరు తెర మీద కనిపించాలి. పొద్దుటినుంచీ ఒక్క అంకె చేరలేదు. కాసేపట్లో భర్త దాన్ని వీడియోలో మేనేజరుకి చూపించాలి.

"నీకు ఓపికెక్కువ కదా, కాస్త చూసిపెట్టు" అని చెప్పి స్నానానికి వెళ్ళిపోయాడు మహానుభావుడు. ఆ కాస్త ఏనాడూ కాస్తతో ఆగలేదు. బోర్డుకి ప్రోగ్రామంతా ఆమె చేత రాయించుకున్నదీ ఆ మాటతోనే. ఇద్దరూ ఒకే చదువు చదివారు, ఒకేసారి ఉద్యోగాల్లో చేరారు. పాప పుట్టాక మానేసింది మాత్రం ఆమె. పాప బడికి వెళ్ళడం మొదలెట్టాక, "మీ ఆఫీసులో ఖాళీ ఉందన్నారుగా, నేను అడగనా?" అంటే, "ఇన్నేళ్ళు వంటింట్లో ఉన్నదాన్ని ఎవరు తీసుకుంటారే పిచ్చిదానా" అని నవ్వాడు. ఆమె ఇంకో మాట అనబోతే, సగంలోనే టీవీ గొంతు పెంచాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ ఖాళీ మాత్రం ఇంకా అలాగే ఉంది.

వైర్లు వేలితో తడుముతూ పోయి, ఫక్కున నవ్వింది. యంత్రంలో పంపే పిన్నుని తీసుకెళ్ళి బోర్డులో పంపే పిన్నుకే కలిపాడు ఆయన! ఇద్దరూ మాట్లాడేవాళ్ళే అయితే ఇక వినేదెవరు? ఇటు పంపేది అటు అందుకునేదానికి చేరేలా వైర్లు మార్చింది. ఈసారి తెర మీద ఏవో పెట్టెలు, ప్రశ్నార్థకాలు కుప్పలుగా పడ్డాయి. యంత్రం నిదానంగా పంపుతుంటే బోర్డు హడావిడిగా చదివేస్తోంది. రెండింటికీ ఒకే వేగం పెట్టి, తరగని ఉల్లిపాయ ఒకటి యంత్రం మీద ఉంచింది. దాని బరువు ఠక్కున తెర మీద పడింది. ఎంత సంతోషమేసిందంటే, ఆ ఉల్లిపాయని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"భలే పట్టేశావే!" అంటూ భర్త తల తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఆమె పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి మీటింగు మొదలైపోయింది.

"నిన్నంతా కూర్చుని పట్టుకున్నానండీ" అంటున్నాడు. "వైర్లూ తప్పే, వేగమూ తప్పే."

"బాగుంది" అన్నాడు తెర మీద మేనేజరు. "కానీ అంకెలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి కదా. నూట యాభైలో మొదటి ఒకటి వచ్చి ఆగితే, బోర్డు దాన్నే బరువనుకోదూ?"

భర్త మైకు ఆపేసి, "ఏం చెప్పనే? తొందరగా చెప్పు" అన్నాడు గుసగుసగా.

ఎప్పటిలాగే చెప్పబోయింది, జవాబు నోటిదాకా వచ్చింది. ఈ మాట కూడా ఆయన నోట్లోంచి వెళ్తే ఆ ఉద్యోగం మాట తను ఇక మరిచిపోవాల్సిందే అనిపించింది. చిత్రమేమిటంటే కోపం కూడా రాలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, మైకు తనే తెరిచింది.

"బరువు మొత్తం పంపాక యంత్రం చివర ఒక గుర్తు పంపుతుందండీ. అది వచ్చేదాకా బోర్డు ఏ అంకెనీ నమ్మదు, దాచిపెట్టుకుంటుంది. పూర్తిగా విన్నాకే తెర మీద వేస్తుంది."

మేనేజరు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "మీరు..."

"మా ఆవిడండీ" అన్నాడు భర్త గబగబా.

"ఈ ప్రోగ్రాం రాసింది నేనండీ" అంది ఆమె. "మీ దగ్గర ఖాళీ ఉందని విన్నాను. దాని గురించీ మాట్లాడాలి."

వంటింట్లోంచి అత్తగారి కేక వినిపించింది. "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయే!"

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"మీ అబ్బాయి వస్తున్నారు అత్తయ్యా."