మొదటి రోజే గుర్తుపట్టే మనిషి

"గోల్ఫుకి వెళ్తున్నా. మధ్యాహ్నం భోజనానికి చూడకు" అన్నాడు నొబుహిరో, ఆదివారం పొద్దున సంచీ భుజాన వేసుకుంటూ. తొమోఎ భర్త కాలరు సరిచేసి సరేనంది. అడగాల్సిన మాట నోటిదాకా వచ్చింది గానీ మింగేసింది.

రెండు స్టేషన్ల అవతల కాఫీ కొట్లో ఆమె వారానికి మూడు మధ్యాహ్నాలు పనిచేస్తుంది. ఆ కొట్టు పేరు భర్తకి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ 'ఊఁ' అన్నాడు. యజమానురాలు ఒచియాయి గారికి మోకాళ్ళు పట్టేశాయి. పొద్దున్నే కొట్టు తెరిచి, కాఫీతో పాటు ఇచ్చే రొట్టే గుడ్డూ చూసుకుని, మొత్తం నడిపే భారం తొమోఎనే తీసుకోమంది. ఆ రాత్రి తొమోఎకి సంతోషంతో నిద్ర పట్టలేదు. పొద్దున భర్తతో చెబితే పేపరు దించకుండానే, "ఆరింటికే నువ్వెళ్ళిపోతే నా టిఫినూ, ఆఫీసు డబ్బా ఎవరు చూస్తారు? కాలక్షేపానికి చేసే పని, నెత్తికెక్కించుకోకు" అన్నాడు. "ఇంకోసారి అడిగి చూడవే. ఆదివారంలోగా చెప్పకపోతే వేరే మనిషిని పెట్టుకోవాలి" అంది ఒచియాయి గారు. ఇంతలో ఆదివారాలు కొట్లో పనిచేసే పిల్లకి జ్వరమని కబురొస్తే, ఎలాగూ ఆయన ఇంట్లో ఉండడు కదా అని తొమోఎ బయల్దేరింది.

కొట్లో తలకి గుడ్డ కట్టుకుని, ఏప్రన్ తొడుక్కుని ఇవతలికి రాగానే ఆమె కంటపడింది గొడుగుల స్టాండు పక్కన నిలబెట్టిన గోల్ఫు సంచీ. దాని పట్టీ తెగితే కుట్టింది ఆమే, ఆ నీలం దారం ఆమెదే. చెక్క తడిక అవతల పొడుగు బల్ల దగ్గర నెలనెలా ఒక పుస్తకం చదివి మాట్లాడుకునే ఆరుగురు కూర్చున్నారు. అందులో ఒకడు నొబుహిరో. పక్కన పరాయి ఆడది ఉన్నా తొమోఎకి ఏడవడానికొక దారి ఉండేది. ఈ మహానుభావుడి పరాయి ఆడది చేతిలోని పుస్తకం అట్ట మీద బొమ్మై ఉంది, గుడ్లంత కళ్ళేసుకుని.

ఆ పుస్తకం తొమోఎ ఎరుగును. అట్ట కనపడకుండా షాపువాళ్ళు కాగితం తొడుగు వేసి ఇచ్చినది ఇంట్లో అతని బల్ల మీద ఉంటే, దుమ్ము దులుపుతూ ఆఫీసు పుస్తకమేమోనని తొడుగు తీసి తెరిచింది. ఇస్త్రీ పక్కన పెట్టి మరీ చదివేసింది. ఆ కథలో ఊరంతటికీ ప్రతి రాత్రీ మరుపు కమ్ముతుంది, ఒక్క పిల్లకి తప్ప. ఆ పిల్ల రోజూ ఒక వీరుడికి అన్నం వండి పెడుతుంది. రోజూ అతను 'ఎవరు నువ్వు?' అంటాడు. ఎవరికీ గుర్తులేని పని జరిగినట్టా, జరగనట్టా అని ఆ పిల్ల తనని తాను ప్రశ్నించుకుంటుంది. పిల్లలు చదివే పుస్తకంలో ఇంత మాట ఉంటుందని తొమోఎ కలలో కూడా అనుకోలేదు. చివర్న వీరుడికి గుర్తొస్తుంది, పిల్ల ఆనందంతో ఏడుస్తుంది. అక్కడే తొమోఎకి ఒళ్ళు మండింది, ఎందుకో తెలియలేదు. ఎవరితో చెప్పుకోవాలో అసలే తెలియలేదు.

చెయ్యి అలవాటుకొద్దీ అతని కాఫీలో పాలు ఎక్కువ పోసింది. ట్రే పట్టుకుని వెళ్ళేసరికి నొబుహిరో గొంతు జీరపోయి ఉంది. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆమె వినని గొంతు అది.

"ఆ పిల్ల చేతులు ఎంత అలిసిపోయి ఉంటాయో ఒక్కడైనా ఆలోచించాడా? తల ఎత్తి ఒక్కసారి ఆ మొహం చూస్తే పోయేదేముంది? నేనైతే మొదటి రోజే గుర్తుపట్టేవాణ్ణి" అంటూ, తల ఎత్తకుండా ఆమె చేతిలోంచి కప్పు అందుకున్నాడు.

ఒక గుక్క తాగి, "చూశారా, అడక్కుండానే సరిగ్గా నాకు కావలసినట్టు ఇచ్చారు. ఇంట్లో ఎప్పుడూ కుదరదు" అన్నాడు పక్కవాళ్ళతో.

"మీ ఆవిడ కూడా చదువుతారా అండీ?" అని అడిగింది ఎదురుగా కూర్చున్న కాలేజీ అమ్మాయి.

"మా ఆవిడా? కూరగాయల ధరల కాగితం వదలకుండా చదువుతుంది. ఇలాంటివి ఆవిడకి ఎక్కవులెండి."

అందరూ నవ్వారు. తొమోఎ అతని మోచేతికి జానెడు దూరంలో నిలబడి, మిగిలిన ఐదు కప్పులూ ఒక్కొక్కటే దించింది. ఇప్పుడైనా చూస్తాడని ఆగింది. ఆగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ పిల్ల మీద ఒళ్ళెందుకు మండిందో అప్పుడు తెలిసింది. వాడికి గుర్తొచ్చేదాకా అక్కడెందుకు వండుతూ కూర్చుందా పిచ్చిమొహం అని. ఆ ఊరికి దారులు లేవా ఏమిటి?

ఖాళీ ట్రేతో వెనక్కి వచ్చేసరికి ఒచియాయి గారు మోకాలు రుద్దుకుంటూ తగ్గు గొంతుతో అడిగింది. "ఏమంటావే మరి? మీ ఆయన్ని మళ్ళీ అడిగావా?"

తొమోఎ గొంతు తగ్గించలేదు. ఇంట్లో మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"ఆయనకి నాతో పరిచయం లేదండీ. రేపు పొద్దున తాళాలు ఎక్కడ తీసుకోమంటారు?"