వెనక అట్ట నుంచి మొదలైన కథ

పుస్తకంలో పేజీలు కోసేసి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, ఒక కట్ట మొత్తం, కుట్టు దగ్గర బ్లేడు నడిచిన గీత తప్ప అక్కడ ఏమీ మిగల్లేదు.

సరోజిని ఇస్త్రీపెట్టె నిలబెట్టి నేల మీద కూలబడింది. భర్త చొక్కాకి ఒక చెయ్యి ఇస్త్రీ అయింది, రెండోది ముడతలతో అలాగే ఉంది. ఇంకాసేపట్లో ఆ పుస్తకం తెలీబంధా చెరువు పక్కనున్న ఆండాళమ్మగారింటికి చేర్చాలి. పుస్తకం పాడుచేసిన వాళ్ళకి ఆవిడ మళ్ళీ పుస్తకం ఇవ్వదు. ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే. పుస్తకం లేకపోతే ఆ ఇంటికి వెళ్ళడానికి సాకు లేదు. సాకు లేకపోతే, వారం మొత్తం మీద తనదంటూ మిగిలిన ఆ ఒక్క మధ్యాహ్నం కూడా పోయినట్టే.

ఆండాళమ్మ భర్త ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు. కొత్త యంత్రాల పని నేర్చుకోమని కంపెనీ ఆయన్ని జపాను పంపిస్తే ఆవిడా వెంట వెళ్ళింది. అక్కడ జనం చదివేసిన బొమ్మల కథల పుస్తకాల్ని కట్టలు కట్టి వీధిలో పెట్టేస్తారట. అందరూ టేప్ రికార్డర్లు మోసుకొస్తే ఈవిడ ట్రంకు నిండా ఆ పుస్తకాలు మోసుకొచ్చింది. అన్నింటికీ గోధుమరంగు కాగితంతో అట్టలు వేసింది. జపాను భాషలో ఆవిడకి కూరగాయలు బేరమాడేంత వచ్చు, అక్షరాలు రావు. మిగతావాళ్ళకి అదీ రాదు. అయినా బొమ్మలుంటే చాలు. తొంభై ఎనిమిదిలో, తెలుగు వారపత్రిక దొరకడమే గగనమైన రాయపూర్‌లో, ఆ ట్రంకు చుట్టూ తెలుగు ఆడవాళ్ళు చేరారు. పుస్తకాలకి పేర్లు కూడా వాళ్ళే పెట్టుకున్నారు.

"'పిల్లి డాక్టరు' చదివావా అక్కా? అరే, ముందు అది తీసుకెళ్ళు. ఆ పిల్లి కళ్ళద్దాలు పెట్టుకుంటే ఉంటుందీ..." అనేది పార్వతమ్మ.

"పిల్లులూ కుక్కలూ నీకు. సరోజినికి 'వాలీబాల్ పిల్లలు' ఇస్తున్నాను. ఆ చివరి ఆట చూశాక నాకు రాత్రి అన్నం సయించలేదు" అనేది ఆండాళమ్మ.

"మీరు ఓడిపోయిన జట్టు పక్షం పిన్నిగారూ, అందుకే" అని పార్వతమ్మ నవ్వేది.

ఆ ఇంట్లో కొత్తవాళ్ళకి మొదటిరోజే ఒక పాఠం ఉండేది. ఈ పుస్తకాలు మన పుస్తకం ముగిసేచోట మొదలవుతాయి. పేజీలు వెనక అట్ట నుంచి ముందుకు తిప్పాలి, బొమ్మలు కుడి నుంచి ఎడమకి చూడాలి. ఆ పాఠం వినకుండా పుస్తకం పట్టుకుపోయిన పార్వతమ్మ ఒక హత్య కథని మన పద్ధతిలో చదివి, పొడిపించుకున్నవాడు లేచి టీ తాగి ఆఫీసుకి వెళ్ళాడని రెండు రోజులు అందరికీ చెప్పింది. ఆ కథ ఎప్పుడు తలచుకున్నా వాళ్ళకి నవ్వాగేది కాదు.

పేజీలు పోయిన పుస్తకం పేరు 'దీవి ఇల్లు'. సరోజినికి ప్రాణం. కొత్త పెళ్ళికూతురు పెట్టె పట్టుకుని, పడవలో ఏడుస్తూ ఒక దీవికి వస్తుంది. కొండెక్కి ఒక ఇంటి గుమ్మంలో నిలబడుతుంది. లోపలికి అడుగు పెట్టిన దగ్గర్నుంచీ పనే. నీళ్ళు మోస్తుంది, చేపలు ఎండబెడుతుంది, అత్తగారి కాళ్ళు పడుతుంది, భర్తకి వడ్డిస్తుంది. జుట్టు నెరుస్తుంది. ఒక పేజీలో ఆ ఇంటి పెరట్లో ఆరేసిన బట్టలు. పేజీ తిప్పితే వేరే ఊరు. ఆవిడ సొంతంగా పెట్టుకున్న చిన్న సేమ్యా హోటలు. ఆఖరి బొమ్మలో గిరాకీ ఇంకా రాకముందే మొదటి గిన్నె తనకే వడ్డించుకుని, పొగలు వస్తుండగా తింటూ ఉంటుంది. దీవి నుంచి ఎలా వచ్చిందో మాత్రం పుస్తకంలో ఎక్కడా గీయలేదు.

"మొగుడు సముద్రంలో పోయుంటాడు" అని ఆండాళమ్మ వాదన.

"పోతే ఆ ఏడుపు గీసేవాళ్ళు కదా. ఈవిడే వదిలేసి వచ్చింది" అని పార్వతమ్మ.

"వదిలేస్తే ఆ వదిలేయడం ఎందుకు గీయలేదే? సేమ్యా గిన్నె గీసినవాడికి అది గీయడం బరువా?"

సరోజిని ఏ పక్షానా మాట్లాడేది కాదు. ఆమె సందేహాలు వేరు. ఆవిడ ఏ వేళప్పుడు బయల్దేరింది? ఆ పూట వంట చేసి వెళ్ళిందా, చెయ్యకుండానా? అంట్లు తోమేసిందా? గుమ్మం దాటుతుంటే ఎక్కడికని ఎవరైనా అడిగారా? ఈ ప్రశ్నలు ఆమెకి గిన్నెలు కడుగుతున్నప్పుడు వచ్చేవి, బియ్యం ఏరుతున్నప్పుడు వచ్చేవి, అత్తగారి కంట్లో మందు చుక్కలు వేస్తున్నప్పుడు వచ్చేవి. మరో దేశంలో, మరో భాషలో పుట్టిన మనిషి గురించి ఇంత గాభరా ఎందుకో ఆమెకే తెలిసేది కాదు. రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా అయిన భర్త కొండలరావు అలమరలో ఆ పుస్తకం మొదటిసారి చూసిన రోజున "ముప్పై నాలుగేళ్ళొచ్చి బొమ్మలు చూసుకుంటన్నావేటి" అని నవ్వాడు. అత్తగారు వరహాలమ్మ నవ్వను కూడా నవ్వలేదు. "పిల్లలు పుట్టకపోతే అంతే. తనే పిల్లయిపోద్ది" అంది. ఆ మాట అన్న నోటితోనే పెరుగు వెయ్యమని కంచం జరిపింది. సరోజిని వేసింది. పదిహేనేళ్ళుగా ఆమె చేతులు అంతే, చెవిన పడ్డ మాట చేతి దాకా రానివ్వవు. కానీ ఆ మధ్యాహ్నాల తర్వాత ఇంటికి వస్తున్నప్పుడు కాళ్ళు మాత్రం నెమ్మదించేవి. ఊరికే మలుపు దగ్గర నిలబడి ఆటోలు చూసేది. ఒక్కోసారి ఎక్కని ఆటోకి రేటు కూడా అడిగేది.

ఇవాళ ఆటోల వైపు చూడలేదు. కోసిన పుస్తకం సంచిలో వేసుకుని నేరుగా ఆండాళమ్మగారింటికి వెళ్ళింది.

ఆండాళమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, కోసిన చోట వేలితో తడిమింది. "పడవా, పెట్టే, గుమ్మం. పెళ్ళికూతురు వచ్చే భాగమంతా పోయింది. నీకు ముందు ఇది పార్వతమ్మ దగ్గరుంది కదూ? నీ చేతికి వచ్చినప్పుడు ఉన్నాయా ఈ పేజీలు?"

తెలియదు. నిజానికి సరోజినికి తెలియదు. ఈసారి పుస్తకం వచ్చినప్పటి నుంచీ ఆఖరి బొమ్మ ఒక్కటే పదేపదే చూసుకుంది, మొదలు తెరవనే లేదు. తెలియదని చెబితే సరిపోయేది. కానీ ఇంటిని వెనకేసుకురావడం అలవాటైన నోరు వేరే మాట అనేసింది.

"నేను బట్టల కింద దాస్తాను పిన్నిగారూ. మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు."

పార్వతమ్మ అక్కడే కూర్చుని జాకెట్టు మీద పువ్వు కుడుతోంది. ఈ పుస్తకాల్లో పూలూ కొమ్మలూ కాగితం మీదకు దించుకుని జాకెట్లకి కుట్టడం ఆమె పని. సూది ఆగింది.

"అంటే నేనేనా? సాఫ్ సాఫ్ చెప్పక్కా."

సరోజిని సంచి మడతలు సర్దుకుంది. ఆండాళమ్మ చూపు పార్వతమ్మ ఒళ్ళో ఉన్న కత్తెర మీద పడింది. ఆ చూపు పార్వతమ్మ చూసింది.

"పెట్టె బొమ్మ ఏ జాకెట్టు మీద కుడతానమ్మా నేను? కోసే బుద్ధే ఉంటే ఆఖరి గిన్నె బొమ్మ కోసుకుపోయేదాన్ని. మొదలెవరు కోస్తారు, పాగల్ కాకపోతే?" కుట్టుసామాను కొంగులో మూటగట్టుకుంది. "మీ పిల్లి డాక్టర్నీ మీరే చూసుకోండి. బస్, నేను రాను."

చెప్పులు చేత్తో పట్టుకునే మెట్లు దిగిపోయింది. ఆండాళమ్మ ట్రంకు మూత వేసి గొళ్ళెం పెట్టింది. పుస్తకం మాత్రం తిరిగి సరోజిని చేతిలోనే పెట్టి, "పేజీలు దొరికితే రా" అంది.

దారిలో మార్కెట్ దగ్గర వంకాయలు ఏరుతూ ఏరుతూ సరోజిని చేతిలోని వంకాయ కింద పెట్టేసింది. మొదలెవరు కోస్తారు? కథ ఇష్టమైనవాళ్ళు మొదలు కొయ్యరు. కథ గిట్టనివాళ్ళూ మొదలు కొయ్యరు, వాళ్ళకి గిట్టనిది చివర ఉంది. మరి కోసినవాళ్ళు? వాళ్ళు చివరే కోశారు. చివరనుకుని కోశారు. ఆండాళమ్మగారి మొదటిరోజు పాఠం వినని మనిషి, పుస్తకం మన పద్ధతిలో తెరిచిన మనిషి. పార్వతమ్మ కాదు. ఆ గదిలో కూర్చునేవాళ్ళెవరూ కాదు. బట్టల కింద దాచిన పుస్తకం చేతికి అందేది ఇద్దరికే. అత్తగారి రెండు కళ్ళకీ శుక్లాలు, కంచంలో కూరేదో చెప్పాలి.

"క్యా హువా బహెన్‌జీ, లేనా నహీఁ హై?" ఏమైంది, కొనరా అని అడిగాడు కూరగాయలతను.

ఆమె వట్టి సంచితో ఇంటికి నడిచింది.

కొండలరావు టీ తాగుతున్నాడు. సరోజిని పుస్తకం బల్ల మీద నిలబెట్టి వదిలింది.

"పేజీలు పారేశారా, దాచారా?"

"ఏ పేజీలు?" అంటూ అతను పుస్తకం అందుకున్నాడు. మన పుస్తకం తెరిచినట్టే తెరిచి, ఎక్కడా ఆగకుండా ఆఖరికి తిప్పాడు. కోసిన గీత మీదకి వచ్చి ఆగింది బొటనవేలు. అప్పుడు తను చేసిన పని తనకే తెలిసి పుస్తకం మూసేశాడు. "ఎలకలు కొట్టుంటాయి."

"మనింటి ఎలకలు బ్లేడు వాడతాయా?"

మంచం మీంచి వరహాలమ్మ అందుకుంది. "కాయితం ముక్క కోసం మొగుణ్ణి నిలదీత్తావేటే? ఆడు అలిసిపోయొచ్చాడు."

"నేనూ ఇప్పుడే వచ్చానత్తయ్యా" అంది సరోజిని. ఆ ఇంట్లో అలాంటి జవాబు అంతకుముందు ఎవరూ వినలేదు. వరహాలమ్మ గోడ వైపు తిరిగింది.

కొండలరావు గొంతు తగ్గించాడు. "ఆఫీసు సొరుగులో ఉన్నాయిలే. రేపు తెస్తాను. నువ్వే ఏదో ఒకటి చెప్పేయ్. అమ్మ నీళ్ళు ఒలకబోసిందను. ఆడోళ్ళూ ఆడోళ్ళూ మీరు చూసుకోండి."

ఏదో ఒకటి చెప్పేయ్. తన తండ్రి పోయినప్పుడు ఇతను రాకపోతే డ్యూటీ ఉందని చెప్పింది. ఆడపడుచు పెళ్ళిలో అందరి ముందూ కసిరితే ఆయనకి తలనొప్పి అని చెప్పింది. డాక్టరు ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలంటే ఇతను వెళ్ళలేదు. లోపం తనదేనని ఊరంతటికీ తనే చెప్పుకుంది. ఇవాళ అతను అడగకుండానే చెప్పింది. పార్వతమ్మని దొంగని చేసి మరీ చెప్పింది. ఆ నోరు తనదేనా అని ఆశ్చర్యం వేసింది.

"రేపు పేజీలు మీరే తెచ్చి ఆండాళమ్మగారికి ఇవ్వండి. పార్వతమ్మ కూడా ఉంటుంది."

"నేనా? ఆడోళ్ళ మధ్యలోకి వచ్చి ఏటి చెప్పమంటావు?"

"నేనైనా చెబుతాను. కానీ నేను మొదలుపెడితే పదిహేనేళ్ళవీ వస్తాయి. మీరు చెబితే ఇదొక్కటే వస్తుంది. ఆలోచించుకోండి."

మర్నాడు పొద్దున్నే సరోజిని పార్వతమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి "మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరన్నాను. అది అబద్ధం. నిన్ను అనవసరంగా బలిచేశాను" అంది. పార్వతమ్మ లోపలికి రమ్మనలేదు. అయినా మధ్యాహ్నం ఆండాళమ్మగారింటికి వచ్చి, సరోజినికి దూరంగా, తలుపు పక్కన కూర్చుంది.

కొండలరావు ఆఫీసు నుంచి సరాసరి వచ్చాడు. చెప్పులు వరండాలో విడిచి, గూడ్సు ఆఫీసు కవరు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేనే కోశానండి. ఈ పార్వతమ్మగారికి ఏ సంబంధం లేదు. రుమాలు కోసం వెతుకుతుంటే పుస్తకం దొరికింది. బొమ్మలే కదా అని తిప్పాను. మొదట్లో ఆవిడ ఒక్కర్తే ఎక్కడో హోటల్లో కూర్చుని తింటా ఉంది. పెళ్ళికి ముందు సంగతనుకున్నాను. తర్వాత ఇల్లు, అత్తగారు, పని..."

"అది కాదండీ, మీరు వెనక్కి..." అనబోయింది పార్వతమ్మ. సరోజిని జరిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"చెప్పనీ" అంది.

పార్వతమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆండాళమ్మ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని ముందుకు వంగింది. "ఊఁ, తర్వాత?"

"పోనుపోనూ ఆవిడ వయసు తగ్గుతున్నట్టు ఉందండి. నాకు అంతుపట్టలేదు. వెళ్ళిపోయే రోజు దగ్గరకొస్తోంది కదా, అందుకు మొహం తేటపడుతోంది కాబోలనుకున్నాను. ఆఖర్లో పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ తర్వాత కొండ దారిలో ఉంది. ఆ తర్వాత పడవలో ఉంది. ఏడుస్తానే ఉంది గానీ పడవ ఆపమనలేదు."

"మరి ఆ ఇంటాయన?" అంది పార్వతమ్మ మెల్లిగా.

"అతనికి మొహం గీయలేదండి. మీరంతా ఇన్నిసార్లు చదివారు కదా, చూసుకోండి, ఎక్కడా లేదు. వీపుంది, పేపరుంది, కంచంలో చెయ్యుంది. ఆ కూర్చోడం నేను కూర్చున్నట్టే ఉంది. ఈ పుస్తకం చూస్తన్నప్పుడు సరోజిని మొహం ఎలా ఉంటదో తలుపు సందులోంచి నేను చూశాను. నా ముందు ఏనాడూ అలా లేదు. ఆ ఆఖరు సరోజినికి తెలియకూడదని బ్లేడు తెచ్చి కోసేశాను. పట్టాల మీద పారేద్దామని వెళ్ళి, చెయ్యి రాక తిరిగొచ్చాను. రోజూ సొరుగు లాగి చూసుకున్నాను, అతను ఎక్కడైనా ఆపుతాడేమోనని. ఆపలేదండి. ఆవిడ వెళ్తుంటే చూసినోణ్ణి నేనొక్కణ్ణే."