హౌజు పక్క గది

మూతపడ్డ ఈతకొలను మళ్లీ తెరిచేందుకు ఇంజనీరు వస్తున్నాడని తెలిసినప్పటినుంచి నాగమణమ్మకు ఒకటే గుబులు, దాని పక్కనే తానుండే గది ఉంటుందా పోతుందా అని.

గౌలిపుర బస్తీ వెనక ఆ హౌజు ఎండిపోయి ఇరవై ఏళ్లు. ఒకప్పుడు చుట్టుపక్కల పిల్లలంతా అందులోనే ఈత నేర్చుకున్నారు. మోటారు చెడిపోతే పట్టించుకున్న నాథుడు లేడు. వాచ్‌మన్ మొగులయ్య పోయాక కూడా అతని భార్య నాగమణమ్మ కాపురం అక్కడే, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో. కూతురు స్రవ్య పుట్టిందీ పెరిగిందీ అందులోనే. హౌజు గట్టు మీద మిరపకాయలు ఎండేవి.

వాన పడితే నాగమణమ్మ చీపురుతో హౌజులోకి దిగేది. అడుగున నీళ్లు పోయే జాలీకి అడ్డంపడ్డ ఆకులు తీసి, నీళ్లు నిలవకుండా ఊడ్చేది. ఇళ్లు కట్టేవాళ్లు మట్టి తెచ్చి పోయబోతే లొల్లి పెట్టుకునేది. "మా ఆయన నౌకరి చేసిన జాగ!" అని అరిచేది.

ఇంజనీరు మొయిన్ హౌజు అడుగంతా తిరిగి చూసి పైకొచ్చాడు.

"ఒక్క పగులు లేదమ్మా! మిగిలిన పాత హౌజులన్నీ కచరాతోని నిండినయ్. గిది సాఫ్‌గ ఉందనే మంజూరు చేసిండ్రు. అంతా మీ మెహర్బానీ."

అంత మంచి మాట ఆమెతో ఇంతవరకు ఎవరూ అనలేదు. సంబరంగా చాయ్‌లో చక్కెర ఎక్కువే వేసి తెచ్చింది.

"మరి మా రూము, సారూ?"

మొయిన్ కప్పులోకి చూశాడు. "ఆడోళ్లకు ఈత బ్యాచ్ పెడుతున్నరు. రూము కావాలె. నెలాఖరు వరకు ఖాళీ చేయాలమ్మా."

"నాకు గీడనే ఏదన్న పని?"

"పనులన్నీ ఏజెన్సీకి ఇచ్చిండ్రు. నా చేతుల ఏం లేదు."

అతను గేటు దాటాక స్రవ్య చీపురు తెచ్చి తల్లి ముందు పడేసింది.

"ఊడ్వు, ఇంకింత ఊడ్వు! మట్టి పోస్తమంటే పోయనియ్యకపోతివి. నిండి ఉంటే ఎవడన్న ఇటు దిక్కు వస్తుండెనా?"

నాగమణమ్మ చీపురు తీసి మూలకు పెట్టింది.

సామాను ఎక్కించే రోజు వాన పట్టుకుంది. ట్రాలీ ఆటో బహదూర్‌పురా అవతల దొరికిన రేకుల గదికి పోవాలి. నాగమణమ్మ అలవాటుకొద్దీ చీపురుతో హౌజులోకి దిగి, జాలీ మీద ఆకులను దోసిట్లోకి తీసింది.

"అమ్మా, పరుపు తడుస్తుంది, దా!" స్రవ్య పైనుంచి కేకేసింది.

నాగమణమ్మ ఆకులను మళ్లీ జాలీ మీదే వేసి, కాలితో అదిమి, మెట్లెక్కింది.

ఇరవై ఏళ్ల తర్వాత హౌజులో నీళ్లు నిలవడం మొదలైంది.