కుందేలు రేకు, ఎలుక రేకు

ల్యాబులో సీసాలు కడిగే అమ్మాయిని అందరూ కంగారమ్మ అనేవారు. ఏడాది నిండని కూతుర్ని అత్తగారికి అప్పగించి వచ్చేది. గంటకోసారి ఫోన్ చేసి, "అత్తయ్యా, పాప ఊపిరి తీస్తోందా?" అని అడిగేది.

"నీ ఫోన్ మోగినప్పుడల్లా లేచి ఏడుస్తోంది. తీస్తున్నట్టేగా!" అనేది అత్తగారు.

ఫ్రిజ్‌లో వెలిగే రంగు అంటించిన యాంటీబాడీల గొట్టాలు రెండున్నాయి. వెలుతురు తగిలితే రంగు చచ్చిపోతుందని మేడమ్ వాటికి అల్యూమినియం రేకు చుట్టి, ఆ రేకుల మీదే ఒకదానికి 'కుందేలు', ఇంకోదానికి 'ఎలుక' అని రాసింది.

శుక్రవారం ఫ్రిజ్ తుడుస్తుంటే రెండు రేకులూ చిరిగాయి. కంగారమ్మ లైట్లార్పి, తలుపేసి, నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని, చాలదన్నట్టు కళ్లు కూడా మూసుకుని కొత్త రేకులు చుట్టింది. కుడిచేతిలోది కుందేలు అని గుర్తుపెట్టుకుంది. అంతలో ఫోన్ మోగింది. దాని వెలుగు పడుతుందేమోనని రెండింటినీ కింద పెట్టి ఫోన్ నొక్కేసింది. మళ్లీ తడిమి తీసుకుని, లైటేసి పేర్లు రాసింది.

సోమవారం మధ్యాహ్నం పెద్దసారు ప్రయోగం ఫలితం చూడ్డానికి వస్తాడనగా, మేడమ్ 'కుందేలు' గొట్టంలోది వేసి మైక్రోస్కోపులో చూస్తే అంతా చీకటే.

"ఎవరో వెలుతురు తగిలించారు మేడమ్," అన్నాడు టెక్నీషియన్, కంగారమ్మ వంకే చూస్తూ.

ఉద్యోగం ఊడితే పాప పాలడబ్బాకి ఎవర్ని అడగాలి? అయినా నోరు ఊరుకోలేదు. "రేకులు మార్చింది నేనే మేడమ్. వెలుతురు మాత్రం తగల్లేదు, ఒట్టు! కళ్లు కూడా మూసుకున్నా!" అంటూ ఫోన్ సంగతితో సహా ఏకరువు పెట్టింది.

మేడమ్ తల పట్టుకుని, ఆపైన పకపకా నవ్వింది. "మనం ముందు వేసే మొదటి యాంటీబాడీ వెళ్లి చోటు చూసుకుని కూర్చుంటుంది. ఈ వెలిగే రెండోది టార్చి పట్టుకుని దాన్ని వెతుక్కుంటూ పోతుంది. కూర్చున్నది కుందేలు నుంచి తీసింది, అంటే కుందేలు తాలూకు. పేర్లు తారుమారై మనం పంపిన టార్చివాడికి ఎలుక తాలూకు వాళ్లే తెలుసు. ఎవర్నీ పలకరించకుండా తిరిగొచ్చాడు!"

'ఎలుక' అని రాసిన గొట్టంలోది వేసి గంట ఆగి చూస్తే, గాజుపలక మీద ఆకుపచ్చ చుక్కలు మిలమిలలాడాయి. పెద్దసారు "భేష్" అని వెళ్లిపోయాడు.

"తప్పు నాదే," అంది మేడమ్, మార్కరు తీసి గొట్టాల మీదే పేర్లు రాస్తూ. "పేరెప్పుడూ వస్తువు మీదే ఉండాలి, చుట్టినదాని మీద కాదు. రేపు కూడా పనికి రా."

మర్నాడు పది గంటలకి అత్తగారే ఫోన్ చేసింది. "ఏమే, పాప అరికాలి మీద పేరు రాసిందెవరు?"

"నేనే అత్తయ్యా. దుప్పటి మీద రాస్తే మారిపోతుంది."

"ఇంట్లో ఉన్నది ఒక్క పాపే కదే!"

"అది సరేగానీ, ఊపిరి తీస్తోందా?"