ఒక్క పన్ను వెనకున్న శని

సోమవారం మా అమ్మాయి గ్రంథాలయానికి తాళం పడబోతోంది. పురపాలక భవనం మేడ మీద పెద్ద గది అది. పదకొండేళ్ళుగా అక్కడ పుస్తకాలు చూసేది అమ్మాయే. పక్క గదిలో కూర్చునే చైర్మన్ కి తన గది చాల్లేదు, ఇది కావాలన్నాడు.

నేను గడియారాలు బాగుచేస్తాను. ఆ భవనం మెట్ల దగ్గర గోడకు గ్రహాల గడియారం ఒకటుంది. ఇత్తడి గుండ్లు, కడ్డీలు, పళ్ళచక్రాలు. ఏడాదికోసారి విప్పి, మడ్డి తుడిచి, నూనె వేసి బిగిస్తాను. శుక్రవారం అదే పని మీద ఉన్నాను. పైన అమ్మాయి పుస్తకాలు పెట్టెల్లో సర్దుతున్న చప్పుడు వినబడుతోంది. చేతులు బిగిస్తున్నాయి గాని మనసు మేడ మీదే ఉంది.

శనివారం పొద్దున్నే మా బావమరిది నన్ను అక్కడికి లాక్కుపోయాడు. చరిత్ర మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. శని, గురుడు ఇరవై ఏళ్ళకోసారి కలుస్తారనీ, కలిసినప్పుడల్లా ఎవరిదో కుర్చీ కూలుతుందనీ వాడి లెక్క. కూలిన రాజుల పేర్లన్నీ నోటుబుక్కులో ఉన్నాయి. ఊళ్ళో సగంమంది నమ్ముతారు. చైర్మన్ పూర్తిగా నమ్ముతాడు. పోయిన కలయికకే పాతాయన దిగి ఈయన ఎక్కాడు మరి.

"చూడు బావా, వచ్చే ఏడు కలవాల్సినవాళ్ళు ఇవాళే కలిశారు."

గడియారంలో శని గుండూ గురుడి గుండూ ఒకే వరసలో ఉన్నాయి. నిన్న పరధ్యానంలో శని చక్రాన్ని ఒక్క పన్ను వెనక్కి బిగించేశాను. చెప్పబోయేలోగా చైర్మన్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"మాస్టారూ, దీనికి విరుగుడు లేదా?"

"విరుగుడేమిటండీ, తేలు కుట్టిందా?"

"అలాగనకండి. ఇంకా ఏడాది ఉందనుకున్నాను."

బావమరిది నోటుబుక్కు తిరగేశాడు. "ఒక్క రాజు మాత్రం బతికిపోయాడు. మార్పు వచ్చేలోపు తనే మారాడు. మేడ జనానికిచ్చి కిందికి దిగాడు. శని వచ్చి చూసి, ఇక్కడ పనైపోయిందనుకుని వెళ్ళిపోయాడు."

"ఏ రాజు?"

"పేరు దగ్గర సిరా అలుక్కుపోయిందండీ."

చైర్మన్ నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

నేనేమీ అనలేదు. అనకపోవడం నాకు మామూలే గనక ఎవరూ అనుమానపడలేదు.

మధ్యాహ్నానికల్లా ఆయన కుర్చీ మెట్ల కింద, చీపుళ్ళు పెట్టే గదిలోకి దిగింది. ఆయన పాత గది కూడా గ్రంథాలయంలో కలిసింది.

"నాన్నా, పిల్లల పుస్తకాలు కిటికీ పక్కన పెట్టనా?" పెట్టెలు విప్పుతూ అమ్మాయి అడిగింది. పొద్దుటి మొహం కాదది.

"పెట్టు," అన్నాను.

సాయంత్రం పన్ను సంగతి బావమరిదికి చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. గడ్డం గోక్కున్నాడు.

"నలభై ఏళ్ళుగా బిగిస్తున్నావు. ఎప్పుడైనా తప్పావా?"

"లేదు."

"మరి నిన్ననే ఎందుకు తప్పావు?"

వాడు నోటుబుక్కు తీసి, రాజుల వరస కింద 'బావ, ఒక పన్ను' అని రాసుకున్నాడు.

"రేపు సరిచేసేస్తాను," అన్నాను.

"చెయ్యి బావా. అప్పుడు వచ్చే ఏడు మళ్ళీ కలుస్తారు. నీళ్ళు రాని మన వీధి కుళాయి సంగతి అప్పుడు చూద్దాం."