వీరలక్ష్మి వేసిన ముడి

ఎనిమిదిన్నరకి దేవిశ్రీ బయల్దేరాలి. ఎనిమిది నుంచే ఇంట్లో హడావిడి. టిఫిన్ డబ్బా, మెళ్లో ఐడీ కార్డు, చెవుల్లో ఇయర్‌బడ్స్.

"అవి తీసేసి దాటవే రోడ్డు," అంది వీరలక్ష్మి.

"బస్సెక్కేలోపే మీటింగ్ మొదలవుతుందమ్మా. వెళ్లొస్తా."

కూతురూ అల్లుడూ నార్సింగిలో ఈ ఫ్లాటుకి వచ్చి నెల కాలేదు. పధ్నాలుగో అంతస్తు. మాదాపూర్ వెళ్లే ఆఫీసు బస్సు రోడ్డుకి అవతల ఆగుతుంది. మధ్యలో డివైడర్. జనం దాటీ దాటీ దాన్ని ఒకచోట విరగ్గొట్టి దారి చేసుకున్నారు. తణుకు నుంచి వచ్చిన నాలుగు రోజులుగా వీరలక్ష్మి బాల్కనీలో నిలబడి కూతురు దాటడం చూస్తోంది. చూసినంతసేపూ చేతులు వెనక్కి కట్టుకునే ఉంటుంది. ముందుంటే కొంగు మీదికి పోతాయి.

వీరలక్ష్మి ఎవరినైనా తలుచుకుని కొంగుకి ముడి వేస్తే, వాళ్లు ఉన్నచోట ఆగిపోతారు. విప్పేదాకా అడుగు పడదు. చిన్నప్పుడు దేవిశ్రీ కాలవ గట్టు మీద ఎన్నిసార్లు ఆగిందో. "మీ అమ్మ ముడేసిందా? ఉండు, గొడుగు తెస్తా," అనేవారు అటుగా వెళ్లేవాళ్లు.

తొమ్మిదేళ్ల కిందట భర్త పట్టాభిరామయ్య కళ్లజోడు మర్చిపోయి బయటికెళ్లాడు. పిలిస్తే వినపడలేదు. ముడి వేసింది. అప్పటికాయన రోడ్డు మధ్యలో ఉన్నాడు. ఇసుక లారీ వచ్చింది.

ఆయన ఎడమకాలు మళ్లీ వంగలేదు. ఆవిడ మళ్లీ ముడి వేయలేదు.

"వేస్తే వేసుకో, నాకింకో కాలుంది," అంటుంటాడాయన సోఫాలోంచి. ఆవిడకి నవ్వు రాదు.

దేవిశ్రీ కింద కనిపించింది. పసుపు చున్నీ. సగం రోడ్డు దాటి డివైడర్ సందులోకి చేరింది. ఎడమవైపు చూస్తోంది. బళ్లు అటునుంచే రావాలి. కుడివైపు, ఆగివున్న స్కూలు బస్సుల చాటున, రాంగ్ రూట్లో నీళ్ల ట్యాంకరు వస్తోంది. అది పైనున్న వీరలక్ష్మికే కనిపిస్తోంది.

"దేవీ!"

పధ్నాలుగు అంతస్తులు. పైగా చెవుల్లో అవి.

చేతులు ముందుకొచ్చాయి. పిల్ల ఇంకా డివైడర్ గట్టు మీదే ఉందా? దిగిందా? పైనుంచి తెలియడం లేదు. దిగుంటే, ముడి వేసి తనే చంపినట్టు.

వేసింది.

ట్యాంకరు అడ్డం వచ్చింది. పోయింది. పసుపు చున్నీ దాని గాలికి లేచి పడింది. దేవిశ్రీ గట్టు అంచున ఒక కాలు ఎత్తి నిలబడి ఉంది.

కాసేపటికి ఫోను మోగింది.

"అమ్మా..." దేవిశ్రీ గొంతు. "బస్సు వెళ్లిపోయింది. విప్పమ్మా," అంది.

"అమ్మా, నేను ట్రాఫిక్ పోలీసు యాదయ్యను," ఇంకో గొంతు. "పక్కన కోన్ పెట్టిన, ఫికర్ చెయ్యకున్రి. బండ్లు ఆపితే ఆగుతలేవు, బస్సుల చాటుకు ఈడికెళ్లి కనవడ్తలేదు, మీరే పైకెళ్లి జర చూస్కొని ఇప్పున్రి."

విప్పగానే ఎత్తిన కాలు రోడ్డు మీద పడుతుంది. ఎప్పుడు విప్పాలి? వీరలక్ష్మి కళ్లు మసకబారాయి. బళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి.

"నావల్ల కాదండీ."

పట్టాభిరామయ్య కాలీడ్చుకుంటూ వచ్చాడు. ఎత్తంటే కళ్లు తిరిగే మనిషి. ఈ నాలుగు రోజుల్లో బాల్కనీలో అడుగు పెట్టలేదు. రెయిలింగ్ గట్టిగా పట్టుకుని కిందికి వంగాడు. ఎడమకి చూశాడు. కుడికి చూశాడు. మెడ మీద చెమట పట్టింది.

"ఆ రోజు నీ పక్కన చూసి చెప్పేవాళ్లు లేరు. అంతే," అన్నాడు. "ముడి మీద చెయ్యి పెట్టు. కిందికి చూడకు."

ఆవిడ కళ్లు మూసుకుంది. బస్సు వెళ్లిన చప్పుడు. తర్వాత బైకులు. ఆయన ఊపిరి.

"ఇప్పుడు."

విప్పింది. ఆయన "దాటింది" అనేదాకా కళ్లు తెరవలేదు.